అటు తిరిగిన పువ్వులు

మద్దేడ్‌లో కాశయ్య భార్య భద్రమ్మ రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోటో దిగేది. మొహం కాదు, చేతులు. ఉత్త చేతులు కూడా కాదు, లేసు అల్లుతున్న చేతులు. వసారాలో ఎండ చాప అంచుదాకా వచ్చిందంటే ఆమెకు ఎనిమిదైనట్టే. కందిపప్పు డబ్బాకి ఫోను ఆనించి, దాని ముందు బాసింపట్టు వేసుకుని, ఒక చేతిలో కొక్కెం సూది, ఇంకో చేతి వేళ్ళకు తెల్లదారం పెట్టుకుని కూర్చునేది. ఫోనులో మూడు, రెండు, ఒకటి అని అంకెలు పడుతుంటే ఊపిరి బిగబట్టేది. ఆ సమయంలో ఇంట్లో ఎవరైనా దగ్గితే వాళ్ళ పని అయిపోయినట్టే.

"ఊపిరెందుకు బిగబడతవే? చేతులకు ముక్కుంటదా?" అనేవాడు కాశయ్య.

"నువ్వు గమ్మునుండయ్యా. కదిలిపోతది."

ఆ ఫోటో ఎర్రబోరుకి పోయేది, వియ్యపురాలు బుధ్రి ఫోనుకి. సాయంత్రానికి అక్కడినుంచి ఒక ఫోటో వచ్చేది, బుధ్రి ఆ రోజు అల్లినంత మేరకు. మాటల్లేవు, రాతల్లేవు. అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి. వంద రోజులకు పైగా ఆ ఇద్దరాడవాళ్ళ మధ్య నడిచిన సంసారమంతా అదే.

అసలు వాళ్ళకు ఆ మాత్రం సంబంధం కుదరడమే విడ్డూరం. మద్దేడూ బస్తర్‌లోదే, ఎర్రబోరూ బస్తర్‌లోదే. మధ్యలో అంతా అడవి. బస్సులో పోవాలంటే భోపాలపట్నం దాటి, గోదావరి దాటి, తెలంగాణలోకి దిగి, ఏటూరునాగారం, భద్రాచలం అన్నీ చుట్టి, కొంటా మీదుగా మళ్ళీ ఛత్తీస్‌గఢ్‌లోకి ఎక్కాలి. పొరుగు జిల్లాకి పోవడానికి పక్క రాష్ట్రం తిరిగి రావడం ఇంకెక్కడైనా ఉందో లేదో గాని, ఇక్కడివాళ్ళు దానికి ఆశ్చర్యపోవడం మానేసి చాలా కాలమైంది.

భద్రమ్మకు ఒక్కతే కూతురు, నవీన. జగదల్‌పూర్‌లో నర్సు ట్రైనింగు చదువుతూ, అక్కడే టీచరు ట్రైనింగు చేస్తున్న రాజ్‌కుమార్‌ని చేసుకుంటానంది. వాళ్ళు దోర్ల ఆదివాసులు. ఇంట్లో దోర్లీ, సంతలో తెలుగు, బడిలో హిందీ. భద్రమ్మ అంతెత్తున లేచింది. నెల రోజులు కూతురితో మాట్లాడలేదు. ఆ తర్వాత చీరలు కొనడానికి అందరికంటే ముందు తనే బయల్దేరింది. కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది, అక్కడ ఎక్కువసేపు కూర్చోదు. కాకపోతే పెళ్ళిలో ఒక్కటి మాత్రం మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. విందులో పక్కన కూర్చున్న బుధ్రితో తనే చొరవ చేసి మాట కలిపింది. మా పిల్లకు కారం ఎక్కువ పడదంది, పొద్దున లేవగానే చాయ్ పడాలంది, ఎండకు తలనొప్పి వస్తదంది. బుధ్రి అన్నిటికీ తలూపింది తప్ప నోరు మెదపలేదు. అబ్బో, ఏం టెక్కు, అనుకుంది భద్రమ్మ. అంతే, రెండేళ్ళపాటు బుధ్రి పేరెత్తితే మూతి ముడుచుకునేది.

ఇక లేసు సంగతి. భద్రమ్మ తల్లిది గోదావరి కింది వైపు. పెళ్ళై ఇటు వచ్చినప్పుడు లేసు పని ఆమె వెంటే వచ్చింది. ఆ ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా, పేరు పెట్టే రోజు లేసు దుప్పటి పరిచి దాని మీదే ఊయల్లో వేస్తారు. దుప్పటంటే చేతెడు పలకలు, అంటే నలుచదరపు లేసు ముక్కలు, ఇరవైనాలుగు. ఒక్కో పలక నడుమ ఒక సుడిపువ్వు, రేకులన్నీ కుడి వైపుకి సుడి తిరిగి ఉంటాయి. పలకలు అల్లి అల్లి చివర్న ఒకదానికొకటి కలుపుతారు. నవీననూ అలాంటి దాని మీదే వేశారు. అందుకని నవీనకు నెల తప్పిందని తెలియగానే భద్రమ్మ దారం ఉండలు కొనేసింది.

అప్పుడు నవీన ఫోను చేసి చల్లగా చెప్పింది, కాన్పుకి పుట్టింటికి రాలేనని. తన ఉద్యోగం కొంటా ఆస్పత్రిలో, తనను చూసే డాక్టరమ్మ కూడా అక్కడే, నిండు నెలల్లో ఎండలో అంత బస్సు ప్రయాణం వద్దని ఆమే చెప్పిందట. భద్రమ్మ ప్రాణం ఉసూరుమంది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"ఇంకేమున్నదయ్యా నాకు? పుట్టేది వాళ్ళ దగ్గర, పెరిగేది వాళ్ళ దగ్గర, బిడ్డ పలికేది వాళ్ళ మాట. నా దగ్గరున్నదల్లా ఆ దుప్పటొక్కటే. అదొక్కటైనా నా చేత్తో నేను చేసుకుంట" అంది మొగుడితో.

ఆ ఒక్కటీ కూడా మిగల్లేదు. నవీన ఆరో నెలలో ఒకసారి వచ్చి, తల్లి దగ్గర కూర్చుని, ఆమె భుజం మీద గడ్డం ఆనించి, ఏదో చాయ్ అడిగినట్టు అడిగింది.

"అమ్మా, పన్నెండు పలకలు నువ్వు చెయ్యి. పన్నెండు మా అత్తమ్మ చేస్తది."

"ఆమెకు వచ్చా ఏంది?"

"రాదు. నువ్వు నేర్పు."

"ఎట్ల నేర్పుత? ఇక్కడినుంచి కేకెయ్యాల్నా?"

"రోజుకొక ఫోటో పంపు. చూసి నేర్చుకుంటది. మా అత్తమ్మ చేతులు నీకు తెల్వదు, ఆమె చాప అల్లితే నీళ్ళు కారవు. ఇట్ల కాదంటే నాకసలు దుప్పటే వద్దు. ఉత్త ఊయల్లో వేస్త."

కన్నకూతురు అలా మెడ మీద కత్తి పెడితే ఏ తల్లైనా ఏం చేస్తుంది? ఒప్పుకుంది. ఒప్పుకున్నప్పుడు మనసులో ఏమనుకుందో కూడా చెప్పాలి. నాలుగు రోజులు చిక్కులు పడి ఆమే వదిలేస్తుంది, అప్పుడు ఇరవైనాలుగూ నేనే చేస్తాను, అనుకుంది. ఆమెకు ఆ పని రాకూడదని కోరుకుంది. అంతకంటే దాచేదేమీ లేదు.

నవీన తిరిగి వెళ్ళేముందు ఫోటో తీసే పద్ధతి నేర్పింది. ఆ పిల్లకు లేసు రాదు, సూది పడితే తన వేలికే గుచ్చుకుంటుంది, కానీ ఫోను మాత్రం దాని చెప్పుచేతల్లో ఉంటుంది. "ఇట్ల మొహం కనపడే వైపు పెట్టుకో. అప్పుడు నీ చేతులు నీకు కనపడతయ్. ఇక్కడ నొక్కు, మూడు లెక్కపెడతది, అదే తీస్కుంటది" అంది. ఎర్రబోరులో టవరు సరిగ్గా పలకదు, వీడియోలు పోవు, ఫోటో అయితే ఎప్పటికో అప్పటికి పోయి తీరుతుంది. పైగా ఫోటో పంపితే మాట్లాడే పని లేదు. భద్రమ్మకు అన్నింటికంటే నచ్చింది ఆ చివరిదే.

మొదటి ఫోటోలో సూది ఎలా పట్టుకోవాలో చూపించింది. రెండో రోజు దారంతో కన్ను వెనక కన్ను వేసి గొలుసు, మూడో రోజు గొలుసుని కలిపి చుట్టు చేయడం. ఎర్రబోరునుంచి మొదటి వారం వచ్చినవి చూసి భద్రమ్మ పగలబడి నవ్వింది. ఒకటి ముడి, ఒకటి ఇంకా పెద్ద ముడి, ఒకటి ఏమిటో దేవుడికే తెలియాలి. మొగుడిని పిలిచి మరీ చూపించింది. "పిచ్చుక గూడయ్యా ఇది, గుడ్లు పెడితే సరి!" అంది.

పదో రోజున వచ్చిన ఫోటో చూసి నవ్వలేదు. అందులో ఒక చుట్టు ఉంది, గుండ్రంగా, కుదురుగా. ఇరవయ్యో రోజుకి రేకులు వచ్చాయి. భద్రమ్మ ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. పట్టు ఎక్కడా వదులుగా లేదు. తనకు ఆ మాత్రం బిగువు రావడానికి ఏడాది పట్టింది, తల్లి చేతిలో మొట్టికాయలు తిని మరీ.

"ఎట్లుంది?" అన్నాడు కాశయ్య.

"ఏదో ఉందిలే" అంది భద్రమ్మ.

ఇంతలో ఫోటోల అంచులు కూడా మాట్లాడటం మొదలుపెట్టాయి. ఒక సాయంత్రం బుధ్రి పలక పక్కన ఇప్పపువ్వు బుట్ట కనిపించింది. అప్పుడే ఏరుకొచ్చినట్టుంది, ఇంకా తడి ఆరలేదు. మర్నాడు భద్రమ్మ కావాలనే ఒళ్ళో రెండు మామిడి పిందెలు పెట్టుకుని ఫోటో దిగింది. ఆ సాయంత్రం అటునుంచి ఒక కోడి, దాని వెనక తొమ్మిది పిల్లలు. భద్రమ్మ లెక్కపెట్టింది. వారం పోయాక మళ్ళీ అదే కోడి, ఎనిమిది పిల్లలు. "అయ్యో, ఒకదాన్ని గద్ద ఎత్తుకపోయినట్టుంది" అని మధ్యాహ్నమంతా బాధపడింది. ఎవరి కోడి, ఎక్కడి గద్ద!

ఏప్రిల్‌లో ఒకసారి గాలివాన కొట్టి, మూడు రోజులు ఎర్రబోరునుంచి ఏమీ రాలేదు. మొదటి రోజు భద్రమ్మ ఏమీ అనలేదు. రెండో రోజు కాశయ్యను నాలుగుసార్లు ఫోను చూడమంది. మూడో రోజు తనే రోడ్డు మీదికి వెళ్ళి, బస్సుల కోసం చూసే జనం మధ్య నిలబడి, ఫోను ఆకాశం వైపు ఎత్తి పట్టుకుంది. సాయంత్రం మూడు ఫోటోలూ ఒకేసారి టకటకా పడ్డాయి. ఒక్కసారిగా అంత సంతోషం వచ్చింది ఆమెకు. రోడ్డు మీద ఒక్కతే నవ్వుతూ నిలబడింది. ఛీ, నాకెందుకింత సంబరం, అని తనను తానే తిట్టుకుంటూ ఇంటికొచ్చి, పొయ్యి మీద పప్పు మాడబెట్టింది.

అంతా బాగానే ఉంది గాని, ఒక్కటే తేడా. బుధ్రి పువ్వులు అటు తిరుగుతున్నాయి.

భద్రమ్మ రేకులు కుడి వైపుకి సుడి తిరిగితే, బుధ్రివి ఎడమ వైపుకి. మొదటి పలక పొరపాటనుకుంది. మర్నాడు పువ్వుని ఇంకా దగ్గరగా పెట్టి పంపింది. రెండో పలకా అటే తిరిగింది. ఈసారి వేలితో రేకు చూపిస్తూ ఫోటో దిగింది. మూడోది కూడా అటే. తను పంపిన ఫోటోని తను ఎప్పుడూ తెరిచి చూసుకునేది కాదు, అసలు వస్తువు ఒళ్ళోనే ఉంటే ఫోటో ఎవరు చూస్తారు? చూసేది బుధ్రివే. చూసిన కొద్దీ ఒళ్ళు మండింది.

"అన్నీ చూసి చూసి, చివరికి ఆమె ఇష్టమే ఆమెది! నేను ఇటంటే ఆమె అటు!"

"వాళ్ళ ఊళ్ళో గాలి అటు కొడతదేమోనే" అన్నాడు కాశయ్య.

"నీకు పరాచకంగా ఉంది."

"మరి ఫోన్ చేసి అడుగు. నోరుంది గదా నీకు."

"నేనెందుకు చేస్త? ఆమెకు చేతులున్నయ్ గదా, ఆమె చెయ్యదూ?"

అడగలేదు. అడగకుండా ఇంకో పని చేసింది. తన పన్నెండు పలకలూ ఏప్రిల్ ఆఖరుకే అయిపోయాయి. ఆ తర్వాత మే నెలంతా, ఊరు ఊరంతా తునికాకు కోతకు అడవిలోకి పోతే, తను మధ్యాహ్నాలు తలుపు దగ్గరేసుకుని ఇంకో పన్నెండు అల్లింది. సగం కుడికీ సగం ఎడమకీ తిరిగిన దుప్పటి మీద మనవరాలో మనవడో పడుకోవడమేమిటి? పేరు పెట్టే రోజు వెళ్ళి, బుధ్రివి నెమ్మదిగా పక్కన పెట్టి, ఇరవైనాలుగూ తనవే కలిపేస్తుంది. అప్పుడు దుప్పటి తను మొదట కోరుకున్నట్టే తనదే అవుతుంది. ఈ సంగతి కాశయ్యకు కూడా చెప్పలేదు. పొద్దున ఫోటో మాత్రం మానలేదు. ఆ ఒక్కటీ ఎందుకు మానలేకపోయిందో ఆమెకే తెలియలేదు.

మే నెల మూడో వారంలో కొంటాలో నవీనకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ మాట విని భద్రమ్మ ఏడ్చింది, నవ్వింది, ఇరుగుపొరుగందరికీ బెల్లం పంచింది. వెంటనే బయల్దేరదామంటే, బయట ఎండలు మండిపోతున్నాయి, పేరు పెట్టే రోజుకి రండి, నాలుగు రోజులు ఉందురుగాని, అని నవీనే ఆపింది.

జూన్ మొదట్లో భార్యాభర్తలిద్దరూ బయల్దేరారు. మూడు బస్సులు మారి, భద్రాచలంలో కాశయ్య చెల్లెలింట్లో ఆ రాత్రి ఆగి, మర్నాడు పది గంటలకల్లా ఎర్రబోరులో దిగారు. పేరు పెట్టేది ఆ మర్నాడు. రాజ్‌కుమార్ రోడ్డు దాకా ఎదురొచ్చి సంచులు అందుకున్నాడు. ఒక్క సంచి మాత్రం భద్రమ్మ ఇవ్వలేదు.

బిడ్డను చేతుల్లోకి తీసుకోగానే భద్రమ్మకు మిగతా లోకం కనిపించలేదు. చిన్న ముక్కు, చిన్న పిడికిళ్ళు, తల నిండా జుట్టు. "నా తల్లే, నా బంగారే" అంటూ వసారాలో అటూ ఇటూ తిరిగింది. నవీన తల్లి కొంగు పట్టుకుని వెనకే తిరిగింది. బుధ్రి వచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది, చాయ్ ఇచ్చింది, "మంచిగ వచ్చిండ్రా వదినా" అంది. సన్నగా, పొడుగ్గా, మాటకంటే ముందు సిగ్గు పడే మనిషి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురైదుగురు మర్నాటి విందుకి బియ్యం చెరుగుతూ కూర్చున్నారు.

బిడ్డ నిద్రపోయింది. బుధ్రి చాప మీద ఒక మూలకు జరిగి కూర్చుని, బట్టమూట విప్పి దారం తీసింది. పదకొండు పలకలు కాన్పుకి ముందే అయ్యాయి, పన్నెండోది బాలింత పనుల్లో పడి ఆగిపోయింది. దాన్ని ముగించాలి కదా. సూది పట్టుకుంది. భద్రమ్మ అటు చూసింది, చూసి చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

సూది బుధ్రి ఎడమ చేతిలో ఉంది.

"వదినా! ఏ చేత్తో అల్లుతున్నవ్?"

బుధ్రి తలెత్తింది. "ఇగో, ఈ చేత్తో."

"పసిబిడ్డ కింద పరిచేది! పేరు పెట్టే దినం పరిచేది! ఎడమ చేత్తో చేస్తరా ఎక్కడన్నా? ఇగ పువ్వులు అటు తిరగక ఏం చేస్తయ్!"

చెరిగే చేటలు ఆగిపోయాయి. భద్రమ్మకు నోరు లేస్తే ఇక ఆగదు. సంచి దగ్గరికి లాక్కుంది, లోపలినుంచి తన పన్నెండూ తీసింది, వాటి అడుగునుంచి ఇంకో పన్నెండు తీసింది, అన్నీ చాప మీద పరిచింది. "నేను ముందే అనుకున్న. అందుకే అన్నీ చేసి తెచ్చిన. ఎడమ చేతి లేసు మీద నా మనవరాలిని వెయ్యనియ్య" అంది.

కాశయ్య ఆ ఇరవైనాలుగు పలకలనూ, పెళ్ళాం మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. నవీన బిడ్డ లేస్తుందేమోనని అటు చూసింది. బుధ్రి ఒళ్ళోని పలకను చేత్తో కప్పుకుంది. కోపం లేదు ఆ మొహంలో, అయోమయం మాత్రం ఉంది.

"మీరు చేసేది అట్లనే గదా వదినా?" అంది.

"నేనా? ఎడమ చేత్తోనా?"

"రోజూ చూసిన గదా."

లేచి లోపలికి వెళ్ళి ఫోను తెచ్చింది. కొంగుతో అద్దం తుడిచి, ఫోటోలు తెరిచి భద్రమ్మ చేతిలో పెట్టింది. మొదటి రోజుది, రెండో రోజుది, మామిడి పిందెలది, వేలితో రేకు చూపించినది. ఒకటి కాదు, రెండు కాదు, నూటికి పైగా ఫోటోలు. అన్నిటిలోనూ భద్రమ్మ ఎడమ చేత్తో లేసు అల్లుతోంది. ఒళ్ళోని పువ్వులన్నీ ఎడమ వైపుకే తిరిగి ఉన్నాయి.

భద్రమ్మ తన కుడి చేయి ఫోను పక్కన పెట్టుకుని చూసింది. ఆ మణికట్టు మీద చిన్నప్పటి పచ్చబొట్టుంది, తేలు బొమ్మ. ఫోటోలోనూ ఉంది, అయితే ఎడమ మణికట్టు మీద.

"పచ్చబొట్టు నాదే" అంది మెల్లగా. "చెయ్యి మాత్రం నాది కాదే!"

నవీన ఒక్క క్షణం చూసింది, చూసి తల పట్టుకుంది. "అమ్మా! ముందు కెమెరా! అద్దంలో లెక్క తిప్పేస్తది అది. కుడి ఎడమైతది, ఎడమ కుడైతది. నేనే పెట్టిచ్చిన, నేనే! తిప్పొద్దని సెట్టింగుల చెప్పుడు మర్చిపోయిన!" అని ఇక నవ్వు ఆపుకోలేక, పొట్ట పట్టుకుని, నొప్పికి అమ్మో అంటూ, మళ్ళీ నవ్వుతూ గోడకు జారగిలబడింది. ఆ నవ్వు చేటల దాకా పాకింది. కాశయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "నాలుగు నెలలు ఊపిరి బిగబట్టి బిగబట్టి ఎడమ చెయ్యి పాఠం చెప్పినవే!" అన్నాడు.

భద్రమ్మ నవ్వలేదు. బుధ్రి వైపే చూస్తోంది.

"వదినా, నీది ఏ చెయ్యి వాటం?"

"కుడే. తినేది, కోసేది, కొట్టేది, అన్నీ కుడి చేత్తోనే."

"మరి ఇది ఎడమ చేత్తో ఎట్ల నేర్చినవ్?"

బుధ్రి ఎడమ చేతి వేళ్ళు కొంగులో దాచుకుంది. రాజ్‌కుమార్ చెప్పాడు. "గందుకా! నేను ఆదివారం వస్తే అమ్మ ఎడమ చేత్తో చీపురు పట్టేది అత్తా. ఎడమ చేత్తో బియ్యం ఏరేది. కుడి చెయ్యి నొప్పేమో, చూపిద్దామంటే, ఏం లేదు, ఈ చెయ్యికి బుద్ధి రావాలె, అనేది. వేళ్ళన్నీ పగిలినయ్."

"మా దగ్గర గూడ ఎడమ చేత్తో మంచి పని చెయ్యరు వదినా" అంది బుధ్రి అప్పుడు. పెళ్ళి విందులో దొరకని మాటలన్నీ ఒక్కొక్కటే వెతుక్కుంటున్నట్టు నెమ్మదిగా అంది. "మొదటి దినం ఫోటో పక్కన నా చేతులు పెట్టి చూసిన. బొటనవేలు ఎటుందో చూసిన. ఎడమ చెయ్యే. భయమైంది. తర్వాత అనుకున్న, మీ అమ్మ నేర్పిందేమో, మీ ఇంటి రివాజేమో. బిడ్డ మీ ఇంటి బిడ్డ గూడ గదా. నా కుడి చేత్తో నేను చేస్తే మీ రివాజు తప్పుతది. అందుకని."

మీ ఇంటి బిడ్డ గూడ. ఆ మాట దగ్గర భద్రమ్మ ఫోను చాప మీద పెట్టేసింది. పుట్టకముందునుంచీ ఆ బిడ్డలో తన వంతు కోసం తను ఒక్కతే కొట్లాడుతున్నాననుకుంది. ఇక్కడ ఈ మనిషి ఆ వంతు తీసి భద్రంగా పెట్టి, దాని కోసం వేళ్ళు పగలగొట్టుకుంటూ కూర్చుంది. చాప మీద పరిచిన ఆ దొంగ పన్నెండు పలకలను చూస్తే తల కొట్టేసినట్టయింది.

"వదినా, నీకు రావొద్దని కోరుకున్న నేను" అంది. దాచుకోవడం ఆమెకు చేతకాదు. "నువ్వు మధ్యలో వదిలేస్తే బాగుండనుకున్న. టెక్కున్నదనుకున్న. పెళ్ళినాటినుంచి అనుకుంటున్న." కళ్ళ నీళ్ళు చెంపల మీదికి వచ్చేశాయి.

బుధ్రి ఆమె చేయి పట్టుకుంది. "రాకుంటే నాకూ బాగుండు వదినా. వేళ్ళన్నా మిగిలేవి" అంది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వుతూనే భద్రమ్మ ఇంకాస్త ఏడ్చింది.

"మరి ఇవేం చెయ్యాలె?" అన్నాడు కాశయ్య, ఎక్కువైన పన్నెండింటినీ చూపిస్తూ.

"దాచిపెడదాం మామా, రెండోదానికి పనికొస్తయ్" అన్నాడు రాజ్‌కుమార్. నవీన చేతికి అందిన చేట తీసుకుని వాడి వీపు మీద ఒక్కటి వేసింది.

ఆ పన్నెండూ మళ్ళీ సంచిలోకి పోయాయి. చాప మీద భద్రమ్మవి పన్నెండు ఒక వైపు, బుధ్రివి పదకొండు ఒక వైపు పరిచారు. పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ సగం పువ్వులు ఇటు తిరిగి, ఆ సగం అటు తిరిగి, రెండు సగాలూ ఎదురెదురు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నట్టున్నాయి. ఇదే బాగుందన్నారు ఆడవాళ్ళందరూ. భద్రమ్మకు కూడా బాగుందనిపించింది, ఆశ్చర్యంగా.

"అత్తమ్మా, ఇగ కుడి చేత్తో హాయిగ చేస్కోండి ఆ ఆఖరిది" అంది నవీన.

బుధ్రి సూది కుడి చేతికి మార్చుకుంది. ఒక కన్ను వేసింది, జారింది. ఇంకోటి వేసింది, అదీ జారింది. సూదిని అటు తిప్పి ఇటు తిప్పి, తన కుడి చేతిని తనే చూసుకుని, "దీనికి రాదు" అంది నిజంగా విచారంగా. ఇల్లంతా మళ్ళీ గొల్లుమంది.

"నువ్వు అలిసినవ్. ఇటు తే" అంది భద్రమ్మ. పలక తీసుకుంది, బుధ్రి పక్కనే మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా సూది పట్టిన కుడి చేతిని ఒళ్ళో పడుకోబెట్టి, సూదిని ఎడమ చేతిలోకి తీసుకుంది.

"ఇదేంది వదినా?"

"పువ్వు అటే తిరగాలె గదా, నీ పన్నెండోది. ఎట్లనో చూపెట్టు."

చూపెట్టింది బుధ్రి. ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి, దారం ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో చెప్పింది. సరిహద్దు రెండు వైపులా లేసులో తనను మించినవాళ్ళు లేరని పేరున్న భద్రమ్మ, చిన్న పిల్లలా నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో కన్నుకీ తంటాలు పడింది. ఆ ఎడమ చేయి ఎంత మొండిదో అప్పుడు తెలిసింది. నాలుగు నెలలు వియ్యపురాలు ఏం పడిందో కూడా అప్పుడే తెలిసింది.

పై వీధినుంచి జోగే అనే ముసలావిడ బిడ్డను చూడ్డానికి వచ్చింది. జరిగిందేమీ ఆమెకు తెలియదు. వసారా ఎక్కుతూనే బుగ్గ మీద చేయి పెట్టుకుంది.

"అయ్యో, బిడ్డ మీదికి చేసేది ఎడమ చేత్తోనా?"

భద్రమ్మ తల ఎత్తలేదు. "మా రివాజు అంతే" అంది. "మా రెండిండ్లల్ల అంతే చేస్తం."

"మాటలు తర్వాత వదినా" అంది బుధ్రి, ఒళ్ళోకి వంగి చూస్తూ. "ఇగో, ఇక్కడ తప్పు పడ్డది. విప్పు."

పుట్టి బుద్ధెరిగాక తల్లి మాట మీద తప్ప ఇంకెవరి మాట మీదా ఒక్క కన్ను విప్పని మనిషి భద్రమ్మ. దారం కొస పట్టుకుని లాగింది. నవ్వుతూ, చుట్టు మొత్తం విప్పింది.